‘ఎస్’ తీసేస్తే దొరలైపోతారా?

ఏ ఊరి మెయిన్ రోడ్డులోనైనా ‘ఫర్నిచర్స్’ అన్న బోర్డు ఒకటి ఉంటుంది. దాన్ని చూడగానే ఇంగ్లీషు వచ్చినవాళ్లకు ఎక్కడలేని నవ్వూ వస్తుంది. చివర ‘ఎస్’ పెట్టకూడదని ఆ షాపువాడికి తెలీదట, పాపం! లోపలున్న టేకు మంచం కోళ్లు సమంగా ఉన్నాయా లేదా అన్నది తర్వాతి సంగతి.

స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుల్లో ఈ ‘ఎస్’ మీద పెద్ద క్లాసే ఉంటుంది. కుర్చీలు లెక్కపెట్టొచ్చు, బల్లలు లెక్కపెట్టొచ్చు. రెండూ కలిసి ఫర్నిచర్ అయ్యాయంటే మాత్రం లెక్కకు అందవు. అంతగా లెక్క కావాలంటే ‘పీస్’ అనాలి. సలహా అయినా ముక్కే, వార్త అయినా ముక్కే. ఎందుకలా అంటే, దొరలు అలాగే అంటారు కాబట్టి.

దొరల సంగతీ చూద్దాం. ‘ఇన్ఫర్మేషన్’ ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మాట. ఫ్రెంచివాళ్లు ఈనాటికీ దాన్ని బహువచనంలో నిక్షేపంగా వాడుకుంటున్నారు. ‘అజెండా’ లాటిన్‌లో అసలే బహువచనం. దాన్ని ఏకవచనం చేసి, మళ్లీ ‘ఎస్’ తగిలించి ‘అజెండాస్’ అంటున్నారు. బఠానీ గింజ ఒక్కటైనా ఒకప్పుడు ‘పీజ్’ అనేవారు. చివరి చప్పుడు బహువచనంలా ఉందని దాన్ని కోసేసి ‘పీ’ని పుట్టించారు. మన పదో తరగతి పిల్లాడు ఆ పని చేస్తే ఎర్రసిరా, వాళ్లు చేస్తే డిక్షనరీ. ‘పీపుల్’కు ‘ఎస్’ చేర్చావంటే బెత్తమే. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ మాత్రం ‘వుయ్ ద పీపుల్స్’ అనే మొదలవుతుంది. అక్కడ అర్థం వేరంటారు మాస్టారు. అవును మరి, వాళ్లు వాడితే అర్థం వేరు, మనం వాడితే తప్పు.

అన్నిటికంటే ఘనకార్యం మన పందికొక్కుది. దాన్ని ఎత్తుకుపోయి ‘బాండికూట్’ చేశారు. అది చాలక, ఎలుక జాతితో ఏ చుట్టరికమూ లేని ఒక ఆస్ట్రేలియా జంతువుకూ ఆ పేరే అంటించారు. ఆ జంతువు పొట్టకు సంచీ ఉంటుంది! “బాండికూట్స్ కాదు దొరా, పందికొక్కులు” అని ఏ తెలుగువాడైనా లండన్‌లో కోచింగ్ పెట్టాడా?

పరీక్షలో మార్కు పోతుంది కనక ‘ఎస్’ లేకుండానే రాయండి, కాదనను. కానీ బోర్డు చూసి నవ్విన ఆ పెద్దమనిషి ఇంట్లోనే ఇంగ్లీషు మీడియం పుత్రరత్నం “పాలు పొంగింది మమ్మీ” అంటాడు. మమ్మీ స్టవ్ ఆపి, పక్కింటావిడ వైపు తిరిగి మురిసిపోతుంది: “మావాడికి తెలుగు అంతగా రాదండీ!”