పాత ట్రాక్టరు పద్యానికి టీకా తాత్పర్యము

ఆ.వె.
ఒకరి చేతి బండి, ఒళ్ళంత గట్టిది,
ఇప్పి చూడలేదు ఇంజనెపుడు,
షెడ్డు దాటలేదు సేద్యానికే తప్ప,
మీకు కనుక రెండు, మిగత మూడు.

అవతారిక: సెకండ్‌హ్యాండు ట్రాక్టరు బేరమునకు వచ్చిన రైతుతో బ్రోకరు పలుకుచున్నాడు.

టీక: ఒకరి చేతి బండి = ఆర్‌సీలో ఒక్క పేరే కలది (తెల్లకాగితముల మీద మారిన చేతులు లెక్కకు రావు); ఒళ్ళంత గట్టిది = నిన్ననే పెయింటు కొట్టినది; ఇప్పి చూడలేదు = ఈ నెలలో విప్పలేదు; షెడ్డు = మెకానిక్కు షెడ్డును; దాటలేదు = విడువలేదు; సేద్యము = దుక్కి, దమ్ము, ఇసుక కిరాయి, ఇటుకల కిరాయి; రెండు = రెండు లక్షలు; మిగత = మిగతావారికి (దీర్ఘము ఛందస్సునకు బలి).

తాత్పర్యము: ఈ బండి నేడే అమ్ముడుపోవలెను.

విశేషములు: కవి బండి పేరు చెప్పలేదు. కావున వ్యాఖ్యాతలు చీలిరి. అది మహీంద్రా 575 అని కొందరు: నాలుగు సిలిండర్లు, 45 హెచ్‌పీ, స్పేర్లకు వెతుకులాట లేదు, తిరిగి అమ్మినా ధర పలుకును. కాదు, మెస్సీ 1035 అని మరికొందరు: మూడు సిలిండర్లే, 36 హెచ్‌పీయే, కాని డీజిలు పొదుపు, హైడ్రాలిక్కు మాట వచ్చినచో ఫెర్గూసన్ వంశము. 36ను 45తో తూచుట తర్కదోషమని ఇరువురిలో ఒక్కరూ అనరు. స్వరాజ్ మతస్థులు దేశభక్తిని దించుదురు: దుర్గాపూర్ ప్రభుత్వ పరిశోధనాలయమున రూపు కట్టి, 1974లో పంజాబ్ ట్రాక్టర్స్ చేత వెలువడినది గదా!

ఇక అద్వైతులు. ఐషర్ ట్రాక్టర్లు 2005లో మెస్సీలు చేయు టాఫే చేతికి, పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి పోయెను గనుక భేదమంతయు మిథ్య అందురు. అట్లయిన స్వరాజ్ 855 పిస్టను 575లో పట్టవలెను. పట్టదు. స్పేర్‌పార్టుల కొట్టు ముందు ద్వైతమే సిద్ధాంతము.

ఇంత పోరాడినవారు మూడవ పాదమును వదలివేసిరి. అసలు సంగతి అచ్చటనే ఉన్నది. సేద్యమనగా ఏ సేద్యము? మెట్టలో దున్నిన బండియు, దమ్ము చక్రములు తగిలించుకొని డెల్టా బురదలో ఈదిన బండియు ఒకే కంపెనీవి, ఒకే ఏటివి అయినను ఒకటి కావు. బురద సీళ్ళను తినును, బ్రేకులను తినును. ముందు చక్రమును జాకీపై లేపి ఊపుడు, బేరింగు నిజము చెప్పును. గేరాయిలు పాలవలె తెల్లబడినచో లోన నీరు చేరినది. అవర్ మీటరును ప్రమాణముగా గ్రహింపరాదు. అది తరచు చచ్చియుండును.

రెండవ పాదమునకు పరీక్ష: స్టార్టు చేయకమునుపే ఇంజనుపై చేయి ఉంచుడు. వెచ్చగా ఉన్నచో బ్రోకరు మీకంటె ముందే లేచినాడు. చల్లారిన పిమ్మట మరల రండు. నీలిపొగ వచ్చినచో ఇంజనాయిలు కాలుచున్నది. రింగులు, లైనర్ల ఖర్చు మీది.

నా మతము: దమ్ము చేసిన మహీంద్రా కంటె మెట్టలో తిరిగిన మెస్సీ మేలు. మెట్టబండ్లే రెండు దొరికినచో, మీ ఊరి మేస్త్రికి చేయి తిరిగినది కొనుడు. ఆర్‌సీలో ఫైనాన్సు పేరున్నచో, ఎన్‌ఓసీ చేత పడువరకు అడ్వాన్సు ఇయ్యకుడు.