ఆడని ట్యాబ్‌కి ఇల్లరికం

నేను రెండిళ్లకి ఇల్లరికం అల్లుణ్ణి. ఒకటి రహమత్ నగర్‌లో మా మావగారి మేడమీద వాటా. రెండోది కెనడాలో వాటర్లూ అనే ఊళ్లో ఉన్న బ్లాక్‌బెర్రీ వారిది. మొదటి ఇంట్లో వేళకి కాఫీ ఇచ్చేవారు. రెండో ఇంటివారు ఏకంగా ట్యాబ్ పంపించారు. దాంతో కొన్నాళ్లపాటు నాకు రెండో అత్తారింటి మీదే మమకారం ఎక్కువైంది. ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తుతుంది.

ముందు చిరునామా సంగతి. అసెంబ్లీ నియోజకవర్గం జూబ్లీహిల్స్ కనక, డెవలపర్‌గా పేరు నమోదు చేసుకున్న ప్రతిచోటా నిస్సంకోచంగా జూబ్లీహిల్స్ అనే రాశాను. ఓటుకి పనికొచ్చిన చిరునామా యాప్‌కి పనికిరాదా? నిజానికి మా సందులో నీళ్ల ట్యాంకరు వస్తే స్కూటర్లు గోడెక్కాలి. సగం కొంపలు సినిమా మీద బతికేవే: లైట్‌మెన్, కాస్ట్యూమర్లు, జూనియర్ ఆర్టిస్టులు, యూనిట్ వ్యాన్ల డ్రైవర్లు. మావగారు పరిశ్రమతోపాటే మద్రాసు నుంచి మూటాముల్లే సర్దుకొచ్చిన ప్రొడక్షన్ మేనేజరు. ఆయన రిటైరయ్యారు గానీ ఓచర్ అడిగే అలవాటు రిటైరవలేదు. మా ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. ఇంట్లో జీతం ఆవిడది, డాలర్లు నావి. జీతం ఒకటో తారీఖున వచ్చేది.

నాకీ యాప్‌ల పిచ్చి అంటించింది ఆకాశ్ ట్యాబ్. 2011 అక్టోబర్ 5న అప్పటి కేంద్రమంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ఆవిష్కరించారు, గుర్తుందా? ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్, పిల్లలందరి చేతుల్లో ఉంటుందన్నారు. దాన్ని తయారుచేసిన డేటావిండ్ విదేశీ కంపెనీయే అయినా ట్యాబులు బిగించింది మన హైదరాబాద్‌లోనే. ఇంకేం, మన ఊరి పంట, మన ఊళ్లోనే వంట అనుకుని ఉద్యోగానికి రాజీనామా పెట్టేశాను. పిల్లల చేతిలో ఉండే ట్యాబ్‌కి పాఠాల యాప్ చెయ్యాలి కదా! నేను పంచాంగం చేశాను. ఎందుకంటే పిల్లల పాఠాలు మా ఆవిడకి తెలుసు, నాకు తెలీవు. ముహూర్తం చూడకుండా ఫిల్మ్‌నగర్‌లో కొబ్బరికాయ కొట్టరన్నది మాత్రం నాకు తెలుసు.

బామ్మర్ది కాలేజీలో ఎవరిదో ఆకాశ్ అడిగి రెండ్రోజులకి తెచ్చాడు. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్. తెర మీద వేలు ఆనిస్తే చాలదు, గోరుతో నొక్కాలి. అందులోని ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు ఫాంటే లేదు. అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ డబ్బాలు. ఫాంటు మనం తెచ్చి పెట్టినా ఒత్తులూ గుణింతాలూ దేని దారి అవి చూసుకునేవి. సరే, మాటలన్నీ బొమ్మలుగా పెట్టేద్దామని తీర్మానించుకుని, 27 నక్షత్రాలూ తిథులూ వారాలూ రాసుకుని కృష్ణానగర్‌లో ఒక డీటీపీ షాపుకెళ్లాను. అక్కడి కుర్రాడు సినిమా టైటిళ్లు డిజైన్ చేసేవాడు. ఫ్యాక్షన్ సినిమాల్లో చెయ్యి తిరిగినవాడు. ఆరుద్రకి అంచుల్లో మంటలు పెట్టాడు. మూలకి వెనకాల కొడవలి. జ్యేష్ఠ కింద ఎర్రగా ఏదో కారుతోంది. నేను మురిసిపోయి ఇంటికి తెచ్చి అత్తయ్యగారికి చూపించాను.

"నక్షత్రానికి ఆ నెత్తురేంటి నాయనా?" అన్నారావిడ. "మీ మావగారిది జ్యేష్ఠే."

మళ్లీ చేయించాను. రెండోసారి బిల్లు మా ఆవిడ కట్టింది.

లెక్క మటుకు నేనే కట్టాను, ఆ గర్వం నాకుంది. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పొద్దుని ఎనిమిది భాగాలు చేస్తే సోమవారం రెండో భాగం రాహుకాలం, మంగళవారం ఏడోది, బుధవారం ఐదోది, అలా. గోడ క్యాలెండర్లవాళ్లు ఆరింటికి తెల్లారి ఆరింటికి పొద్దుగూకుతుందనుకుని సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని అచ్చేస్తారు. నేను హైదరాబాద్ అక్షాంశం పట్టుకుని ఏ రోజు సూర్యోదయం ఆ రోజుకి కట్టాను. మావగారు కళ్లజోడు సవరించుకుని చూశారు.

"ఇదేంటండీ అల్లుడుగారూ, ఏడు గంటల యాభై ఎనిమిది నిమిషాలంటోంది?"

"అదే కరెక్టు మావయ్యగారూ. చలికాలం కదా, సూర్యుడు లేటు."

"సూర్యుడు లేటయితే అవ్వనీండి. హీరోకి ఏడున్నరని చెప్పి ఉంటాం. నిమిషాలు మార్చకండి."

ఆకాశ్‌లో దీన్ని అమ్ముదామంటే ఆండ్రాయిడ్ మార్కెట్ లేదు. దాని బదులు గెట్‌జార్ అని ఇంకో అంగడి పెట్టారు. కొనాల్సిన విద్యార్థికి క్రెడిట్ కార్డు లేదు. ఉన్నవాడు రాహుకాలం చూసుకుని పరీక్షకి వెళ్లే బాపతు కాదు. ఈలోగా ట్యాబ్‌ని పరీక్షించే విషయంలో ఐఐటీ రాజస్థాన్‌కీ కంపెనీకీ తగువొచ్చి, వ్యవహారం ఐఐటీ బాంబే చేతికి పోయింది. ఆకాశ్ 2 ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా 2012 నవంబర్‌లో గాని రాలేదు. అప్పటికి నేను మనువాడేసుకున్నాను, ఇంకో ఇంటివాళ్లతో.

ఆ ఇల్లు ప్లేబుక్. బ్లాక్‌బెర్రీ ఫోన్ల వాళ్లు ఐప్యాడ్‌కి పోటీగా తెచ్చిన ఏడంగుళాల ట్యాబ్. 2011 జూన్‌లో మన దేశంలో 27,990 రూపాయలకి దింపారు. డిసెంబరుకల్లా అదే సరుకు 13,490. అమ్ముడుపోని ప్లేబుక్‌ల కింద ఆ నెలలోనే 48 కోట్ల 50 లక్షల డాలర్లు నష్టంగా రాసుకున్నారు. బుద్ధున్నవాడు ఈ వార్త చదివి పేపరు మడిచేస్తాడు. నేను కత్తిరించి దాచుకున్నాను. ఆపిల్ స్టోర్లో అప్పటికే 5 లక్షలకి పైగా యాప్‌లున్నాయి. అక్కడ నన్ను కన్నెత్తి చూసేదెవరు? చితికిన జమీందారింట్లో అల్లుడికే మర్యాద ఎక్కువ. వెండి కంచం తాకట్టులో ఉన్నా విస్తరి కింద పీట వేస్తారు. నా లెక్క తప్పలేదు కూడా. 2012 ఫిబ్రవరి 13 లోపల ఆండ్రాయిడ్ యాప్‌ని ప్లేబుక్‌కి మార్చి పంపినవాళ్లకి ట్యాబ్ ఉచితం అన్నారు. మార్చడమంటే కొత్త మూట కట్టి సంతకం చెయ్యడమే. ట్యాబ్ వచ్చిన రోజు మా సందంతా చూడ్డానికొచ్చింది. "అల్లుడుగారికి ఫారిన్ నుంచి వచ్చింది" అని మావగారే చెప్పుకున్నారు. ఉచితమని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఓచర్ అడగకపోవడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి.

వెల 99 సెంట్లు పెట్టాను. మావగారు వెంటనే ట్రేడ్ భాషలోకి దిగిపోయారు. "గ్రాస్ 99. షేర్ ఎంత?" డెబ్బై శాతం మనది, సుమారు 69 సెంట్లు, రూపాయల్లో 35 దాకా. "బానే ఉందే! నైజాంలో ఎన్ని ప్రింట్లు?" అన్నారు. అంటే హైదరాబాద్‌లో ప్లేబుక్ ఎంతమంది దగ్గరుందని. నాకు తెలిసినవాళ్లలో ఒక్కరి దగ్గరుంది. నా దగ్గర. తర్వాత నగరంలో ప్లేబుక్ డెవలపర్లం కొందరం కలుసుకున్నాం. అందరి దగ్గరా ఉంది. అందరికీ ఉచితంగానే వచ్చింది. ఒకరి యాప్ ఒకరం కొనుక్కుని, ఐదు నక్షత్రాలు ఇచ్చిపుచ్చుకున్నాం.

ఓవర్సీస్ మాత్రం కదిలింది. టొరంటోలో ఎవరో తెలుగాయన కొన్నాడు. నేను ఇంట్లో లడ్డూలు పంచాను. వారం తిరక్కుండా ఒకే ఒక్క నక్షత్రంతో సమీక్ష: ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి రాహుకాలం ఏమిటయ్యా అని. హైదరాబాద్‌లో సోమవారం పొద్దున్న ఎనిమిది అంటే శీతాకాలం టొరంటోలో అంతకు ముందు రాత్రి తొమ్మిదిన్నర. నా సూర్యుడు బేగంపేటలోనే ఉదయిస్తున్నాడు, గడియారం మాత్రం ఆయన ఊరిది. "పోన్లే, రాత్రిపూట రాహుకాలం వస్తే పగలంతా మంచిదేగా!" అని అత్తయ్యగారు సర్దిచెప్పబోయారు. అదే మాట ఇంగ్లీషులో జవాబు రాద్దామనుకుంటే మా ఆవిడ ల్యాప్‌టాప్ మూసేసింది.

2012 మేలో ఇంకో కబురు. కొత్తగా రాబోయే బ్లాక్‌బెర్రీ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కి మేలైన యాప్ చేసి, ఏడాదిలో వెయ్యి డాలర్లు సంపాదిస్తే, 10,000కి ఎంత తగ్గితే అంతా కంపెనీయే వేసి ఇస్తుందట. ఐదు లక్షల పైమాట! మావగారి ముందు వాలిపోయాను.

"ఎమ్.జీ. ఇస్తున్నారు మావయ్యగారూ! మినిమమ్ గ్యారంటీ!"

ఆయన మొత్తం విన్నారు. "సినిమా ఆడకముందు ఇచ్చేదాన్ని ఎమ్.జీ. అంటారు. ఆడితే ఇస్తామనేదాన్ని ఆశ పెట్టడం అంటారు" అన్నారు.

ఆ సెప్టెంబర్లో కంపెనీ వైస్ ప్రెసిడెంట్లు స్వయంగా గిటార్లు పట్టుకుని, డెవలపర్లూ మిమ్మల్ని ప్రేమిస్తూనే ఉంటాం అనే భావంతో పాత ఇంగ్లీషు పాటకి పేరడీ పాడి వీడియో వదిలారు. నాకు కళ్లు చెమర్చాయి. ప్లేబుక్‌లో పెట్టి మావగారికి చూపించాను. ఆయన పాటంతా ఓపిగ్గా చూసి, "సెకండాఫ్ లాగుతున్నప్పుడు ఇలాంటిదే ఒకటి కలుపుతాం" అన్నారు.

అసలు పరువు పోయింది 2013 సంక్రాంతికి. పండగ ముంగిట కంపెనీ పోర్టథాన్ పెట్టింది. బ్లాక్‌బెర్రీ 10కి మార్చి పంపిన ప్రతి యాప్‌కి, ఆమోదం పొందితే, వంద డాలర్లు. ముప్ఫై ఏడున్నర గంటల్లో 15,000 యాప్‌లు వచ్చాయని వాళ్లే ప్రకటించారు. అందులో నా వాటా ఎలా పెంచానంటే, ఉన్న పంచాంగాన్ని నరికాను. రాహుకాలం ఒక యాప్. యమగండం ఒక యాప్. గుళిక వేరు, దుర్ముహూర్తం వేరు, వర్జ్యం వేరు. కింద వంటింట్లో అరిసెల పాకం. ఇంటిల్లిపాదీ "సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు"కి టిక్కెట్లు తీసుకున్నారు. పండక్కి పిలిచి తీసుకురావాల్సిన అల్లుడు పైనే ఉన్నాడు గానీ కిందికి దిగడంలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, వస్తున్నారా?" అంది.

"యమగండం అప్‌లోడ్ అవుతోంది, మీరు వెళ్లండి" అన్నాను.

ఆ మాట మావగారి చెవిన పడింది. శకునం బాగాలేదని ఆయన ఓ పది నిమిషాలు కూర్చుని గాని బయల్దేరలేదు. వాళ్లకి ఫస్ట్ సాంగ్ పోయింది. కొన్ని యాప్‌లకి డబ్బొచ్చింది, దాంతో గ్రైండరు కొన్నాం. ఈ మొత్తం వ్యాపారంలో ఇప్పటికీ తిరుగుతున్నది అదొక్కటే.

2013 జూన్‌లో కంపెనీ పెద్ద థోర్‌స్టెన్ హైన్స్, బ్లాక్‌బెర్రీ 10 ప్లేబుక్‌కి రాదని తేల్చేశారు. నేను ఆ రోజు అన్నం సహించక పైనే ఉండిపోయాను. బామ్మర్ది మెట్లెక్కి వచ్చాడు, చేతిలో ఫోను, మొహంలో వెలుగు.

"బావా! టైజెన్ అని కొత్తది. శాంసంగ్, ఇంటెల్ వాళ్లు వెనకున్నారు. యాప్‌ల పోటీ పెట్టారు, బహుమతులు 40 లక్షల డాలర్ల పైనే!"

మేమిద్దరం ఒక్క అంగలో కిందికి దిగి మావగారికి చెప్పాం. ఆయన పేపరు పక్కన పెట్టారు.

"ఫోన్లు ఎన్ని అమ్ముడుపోయాయి?"

"ఇంకా ఒక్కటీ మార్కెట్లోకి రాలేదు మావయ్యగారూ," అన్నాను. "అందుకే పోటీ తక్కువ ఉంటుంది!"

అత్తయ్యగారు గోడ క్యాలెండరు వైపు చూసి, రేపు పొద్దున తొమ్మిది తర్వాత మొదలుపెట్టుకోమన్నారు.