నా పొట్ట మీది పేరు

నేను చిలీ సీసాని. శాంటియాగో పక్కనున్న మైపో లోయలో 1992 కోత వైన్ నింపి, బిరడా బిగించి, పొట్ట మీద ‘మెర్లో’ అని చీటీ అంటించారు. అంటించినవాళ్లు అబద్ధమాడలేదు, వాళ్లకీ అంతే తెలుసు. నిజానికి నాలో మెర్లో కొంతే. మిగతాదంతా కార్మెనేర్ అనే మరో ద్రాక్ష. అది బోర్డోలో పుట్టిన తీగ. 1850ల ప్రాంతంలో మిగతా ఫ్రెంచి మొక్కలతో పాటు ఓడెక్కి చిలీ చేరింది. తర్వాత ఫిలాక్సెరా అనే వేరుపురుగు బోర్డో తోటల్ని ఊడ్చేసింది. చలికీ వానకీ ఈ తీగ పూత రాలిపోతుంది, పిందె నిలవదు. మళ్లీ తోటలు వేసినప్పుడు అక్కడి రైతులు దీని జోలికి పెద్దగా పోలేదు. పురుగు చేరని చిలీలో మాత్రం మెర్లో తీగల మధ్య, మెర్లో పేరుతోనే బతికింది. 1994 నవంబరులో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ద్రాక్షజాతుల నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో, పూతలో మెలితిరిగిన కేసరాలు చూసి ఇది కార్మెనేర్ అని తేల్చాడు.

మరి అన్నేళ్లు తాగినవాళ్ల నాలుకలు ఏం చేస్తున్నట్టు? నాలుకని తప్పుపట్టలేం. చిలీ మెర్లోలో క్యాప్సికం కోసినప్పటి పచ్చివాసన ఉందని రుచి చూసేవాళ్లు గుర్తుపడుతూనే వచ్చారు. చీటీని నమ్మారు గనక, అది ఆ నేల గుణమని సరిపెట్టుకున్నారు. ఆ వాసన పైరజీన్ల వల్ల వస్తుంది. పచ్చిమిర్చిలో ఉండేవీ ఇవే. లీటరులో నానోగ్రాముల లెక్కన ఉన్నా ముక్కు పట్టేస్తుంది. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు! కాయ పండేకొద్దీ, గుత్తికి ఎండ తగిలేకొద్దీ అవి తగ్గుతాయి. కార్మెనేర్ పండేది మెర్లో తర్వాత మూడు నాలుగు వారాలకి. రెండూ కలిసిన తోటలో మెర్లో పండగానే అంతా కోసేస్తే దీనికి పచ్చివాసన రాక ఏమవుతుంది? బంగినపల్లి దించిన వారమే నీలం కాయలూ దించేసి, నీలం పులుపని తిట్టినట్టుంది.

గ్లాసులో ఉన్నది బాగుంటే చాలదా, పేరుతో పనేమిటని అడగొచ్చు. తాగేవాడికి చాలు. కోసేవాడికి మాత్రం పేరును బట్టే కోత తేదీ. పేరు తెలిశాక చిలీలో తీగల్ని వేరుచేశారు, కోతను ఏప్రిల్, మే దాకా ఆపగలిగారు. అలా పండిన కార్మెనేర్‌లో నల్లటి పళ్లు, కోకో, కాస్త పొగ తగులుతాయి. వగరు మెత్తగా ఉంటుంది. ఇంకో అభ్యంతరం ఇంతకన్నా గట్టిది: ఆగి ఆగి కోస్తే పచ్చివాసనతో పాటు ఆ ద్రాక్ష సొంత గుర్తు కూడా పోయి, ఉత్త పళ్ల జామ్ మిగులుతుందని. నిజమే, అలాంటి వైన్‌లూ ఉన్నాయి. నా మటుకు, చివరి గుక్కలో కాల్చిన మిరపకాయ ఛాయ కొద్దిగా తగలాలి. అది బొత్తిగా లేకపోతే కార్మెనేర్ తాగినట్టే ఉండదు.

తేడా చూడాలంటే రెండు గ్లాసుల్లో మెర్లో, కార్మెనేర్ విడివిడిగా పోసి, సీసాలకు గుడ్డ చుట్టి, గ్లాసు తిప్పకుండా ముందు వాసన చూడండి. ఆ పందెంలోకి నన్ను లాగకండి. నాలాంటి మామూలు ఎర్ర వైన్ ముప్పై ఏళ్లు నిలవదు. ఇప్పుడు బిరడా లాగితే మెర్లో లేదు, కార్మెనేర్ లేదు, ఉత్త పులిసిన వాసన. చీటీ మాత్రం ఇంకా ఊడలేదు.