బ్రేక్ ఇన్‌స్పెక్టర్ సారుకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారి సముఖమునకు, ఏపీ 24 హీరో హోండా స్ప్లెండర్ యజమాని నమస్కరించి వ్రాయు విన్నపములు. తమరు ఏ ఆఫీసులో కొలువున్నారో రాయను. పాత నల్లగొండ ఇప్పుడు మూడు జిల్లాలు గనక, ఎవరికి తగిలితే వారే తమరనుకోండి.

మొన్న మంగళవారం రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తెస్తే తమరు నా బండి మెడ కాడికి వంగి, చాసిస్ నంబరు చూసి, "జంగు పట్టింది, కనపడ్తలేదు, తుడుచుకొని రా పో" అని సెలవిచ్చితిరి. చిత్తమని పోతిని. మా మెకానిక్ వైర్లు పక్కకు జరిపి, గ్యాస్‌నూనె పోసి, ఉప్పుకాయితంతోని పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచిండు. 17 అక్షరాలూ బయటపడ్డయి. పెన్సిల్ అచ్చు గూడ తీసుకొని శుక్రవారం వస్తే తమరేమంటిరి? "గీకినట్టుంది. 6 ను 8 చేసినవా?"

6 ను 8 చేసుకొని నేనేం జేస్కోవాలె సారూ? పాత ఇనుపసామాన్లాయన గూడ నంబరడగడు, తూకం అడుగుతడు. తుడువకుంటే కనపడదంటిరి, తుడిస్తే దొంగబండంటిరి. మరి ఆ జంగు మీద కేసు పెట్టాల్నా?

కంపెనీ నుంచి కాయితం తెమ్మంటిరి. ఏ కంపెనీ? నేను బండి కొన్నది 2010ల. ఆ డిసెంబర్లనే హీరో, హోండా వేరుపడ్తమని చెప్పుకున్నయి. ఎనక రాష్ట్రం వేరుపడ్డది, 2016ల జిల్లా ముక్కలైంది. పడకుండ నిలవడ్డది నా బండొక్కటే. దాన్నే నువ్వెవరని అడుగుతున్నరు.

క్లచ్ ప్లేట్లేయించిన, సైలెన్సర్ బొక్కకు వెల్డింగ్ పెట్టించిన, పెండ్లినాడు లేని అద్దాలు గూడ రెండు దిక్కుల బిగించిన. పొగ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు, గ్రీన్ ట్యాక్స్, 1000 ఫీజు, ఆలస్యమైనందుకు నెలకు 300. స్లాటు దొరకలేదంటే ఆలస్యం నాదే అంటది కంప్యూటరు. కొత్త నంబరు ప్లేటు సంగతి ఇంకా మొదలే గాలే. రిజిస్ట్రేషన్ అయిపోయిన బండి రోడ్డెక్కొద్దు గదా, తొవ్వల పోలీసాయన ఫొటో తీస్తడని రెండుసార్లూ ట్రాలీ ఆటోల ఏసుకొని తెచ్చిన. నడిచే బండిని పీనుగను మోసినట్టు మోయించిన సారూ. ఊరంతా ఏమైందని అడిగిరి.

ఇంజన్ నంబరు జూడుండ్రి, సక్కగుంది. ఆర్సీ జూడుండ్రి, 8 అనే ఉంది. భూతద్దం లేకుంటే నేనే తెస్త. పొద్దున పదింటికి మీ ఆఫీసు ముంగట ఎండ సరిగ్గ బండి మెడ మీద పడ్తది, అప్పుడు ఒక్కసారి వంగుండ్రి. జర ఈ నెల్ల జూడుండ్రి సారూ, ఒకటో తారీఖు దాటితే ఇంకో 300 పడ్తది.

ఇట్లు,
తమ విధేయుడు

జత: పెన్సిల్ అచ్చు, ఒకటి.