పదో సిద్ధుడి రేకుబిళ్ల

నిజామాబాదు జిల్లా ఆర్మూరులోని నవనాథ సిద్ధులగుట్ట మీద తొమ్మిదిమంది సిద్ధులు తపస్సు చేశారని స్థలపురాణం చెబుతుంది. నాథ సిద్ధులకు హీనలోహాన్ని బంగారంగా మార్చే రసవాదం తెలుసునని లోకం చిరకాలంగా నమ్ముతూ వచ్చింది గాని, ఆ విద్యను కళ్లారా చూసినవారు మాత్రం కనబడరు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, హైదరాబాదు-నాగపూర్ రహదారి వెంబడి ఉన్న మెకానిక్ షెడ్లలో పదో సిద్ధుడు వెలిశాడు. ఆయన చేతిలో ఒక రేకు ముక్క బిళ్లగా తెగి, రెండు బోల్టుల మధ్య ఇమిడి, మైలేజీగా, పికప్‌గా, ఇంజిన్ ఆయుష్షుగా రూపాంతరం చెందుతుంది. పసుపు బస్తాలు మోసే బొలెరోలు మొదలుకొని పెళ్లిళ్లకు తిరిగే ఇన్నోవాల వరకు, ఈ దీక్ష పుచ్చుకోని డీజిల్ బండి షెడ్డు దృష్టిలో అజ్ఞానంలో ఉన్నట్లే లెక్క. దీక్షకు పెట్టిన పేరు ‘ఈజీఆర్ బంద్ చేయించడం’.

ఈజీఆర్ అంటే ఇంజిన్‌లో కాలి బయటికి వచ్చిన వాయువులో కొంత భాగాన్ని సైలెన్సర్ దాకా పోనీయకుండా, ఇంజిన్ పీల్చే తాజా గాలిలోకి మళ్లించే ఏర్పాటు. ఎంత వాయువు మళ్లాలో నిర్ణయించే చిన్న తలుపు పేరు ఈజీఆర్ వాల్వు. దాన్ని ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు, అనగా ఈసీయూ, క్షణక్షణం ఆదేశిస్తూ ఉంటుంది. ఆ వాయువు మళ్లే దారికి అడ్డంగా బిగించి, దాన్ని పూర్తిగా మూసేసేదే రేకుబిళ్ల. విడిచిన ఊపిరినే మళ్లీ పీల్చమంటే మనిషైనా బతుకుతాడా అన్నది పదో సిద్ధుడి మొదటి ప్రశ్న. మడీ ఆచారమూ తెలిసినవారిని ఇట్టే ఒప్పించగల ఈ వాదంలో లోపం ఒక్కటే: ఇంజిన్ మనిషి కాదు. మామూలు వేగంలో నడిచే డీజిల్ ఇంజిన్ తన ఇంధనాన్ని కాల్చుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువ గాలినే లోపలికి లాక్కుంటుంది. ఆ గాలిలో 78 శాతం నత్రజని. మంట వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ దాటి పైకి పోయేకొద్దీ, అంతవరకు ఎవరి జోలికీ పోని ఆ నత్రజని ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారడం వేగం పుంజుకుంటుంది. ఈ చర్య తీరును సోవియట్ శాస్త్రజ్ఞుడు యాకొవ్ జెల్దొవిచ్ 1940లలోనే విడమరిచి చెప్పాడు. ఒకసారి కాలిన వాయువును తగుమాత్రం కలిపితే ఆక్సిజన్ పాలు తగ్గి, మంట వేడి దిగి, ఆక్సైడ్ల పుట్టుక అక్కడే కట్టడి అవుతుంది. అమెరికా కార్లలో 1970ల తొలినాళ్లలోనే అమర్చిన ఈ ఏర్పాటు, షెడ్లలో మాత్రం స్పేర్ పార్టులు అమ్ముకోవడానికి కంపెనీలు నిన్నగాక మొన్న పన్నిన కుట్రగానే ప్రసిద్ధి.

పదో సిద్ధుడి మాటలో నిజం బొత్తిగా లేదనడం మాత్రం అన్యాయం. ఈజీఆర్ దారిలో మసి పేరుకుంటుందన్నది వాస్తవమే. కాలిన వాయువుతో వచ్చే మసి, ఇంజిన్ అడుగు భాగం నుంచి వచ్చే ఆయిలు ఆవిరితో కలిసి, వాల్వు మీదా, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డు గోడల మీదా తారులా పట్టుకుంటుంది. విప్పి చూస్తే వేలు దూరవలసిన రంధ్రం పెన్సిలు దూరేంతగా కుంచించుకుపోయి, అంటిన నలుపు సబ్బుకు లొంగకపోవడం కద్దు. ఆ మసికి వాల్వు సగం తెరుచుకొని బిగిసిపోతే బండి లాగదు, నల్లగా పొగ వదులుతుంది. దీనికి మందు విప్పి శుభ్రం చేయడం: క్లీనర్ కొట్టి, నానబెట్టి, మెత్తని బ్రష్షుతో గీకి, కొత్త గ్యాస్కెట్ వేసి, వాల్వు పూర్తిగా తెరుచుకొని మూసుకుంటున్నదో లేదో స్కానర్‌తో చూసుకోవడం. దీనికి ఒక పూట పడుతుంది, చేతులు పాడవుతాయి, అయినా పేరు రాదు. రేకుబిళ్లకు అర్ధగంట చాలు, పైగా సిద్ధుడనే ఖ్యాతి దక్కుతుంది.

మసి ఎందుకు అంతగా పడుతున్నదన్న ప్రశ్న ఈ శాస్త్రంలో నిషిద్ధం. జనవరి నుంచి పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లాల్లో ఎండబోసి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టే రోజుల్లో ఆర్మూరు చుట్టుపక్కల లేచే దుమ్ము ఇంతా అంతా కాదు. ఆ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు గాలి తగ్గి మసి పెరుగుతుంది. ఇంజెక్టర్ కారినా పెరుగుతుంది. కాంటా దగ్గర లైనులో గంటల తరబడి ఇంజిన్ ఆపకుండా నిలబెట్టినా వాల్వు మీద మసి పొర మీద పొర కడుతుంది. నేరం వీరందరిదీ, శిక్ష వాల్వుది.

ఇక పికప్ సంగతి. రేకుబిళ్ల పెట్టిన బండి ఊరి పక్కనున్న పెర్కిట్ దాటి హైవే ఎక్కగానే దూకుతుందని యజమానులు ప్రమాణపూర్వకంగా చెబుతారు. అయితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్‌కు దొరికినంత తాజా గాలి కావాలి గనుక, ఆ సమయంలో ఈసీయూ ఈజీఆర్ వాల్వును తానే మూసేస్తుంది. లారీని ఓవర్‌టేక్ చేసే వేళ రేకుబిళ్ల చేసే సేవ, గొళ్లెం పెట్టిన తలుపుకు అడ్డంగా మంచం వేసుకొని పడుకోవడం వంటిది. బిగిసిపోయిన వాల్వు ఉన్న బండిలో తేడా నిజంగానే తెలుస్తుంది గాని, అది శుభ్రం చేయించినా తెలిసే తేడాయే. మైలేజీ లెక్కకు వస్తే, బస్తాల లోడుతో నిజామాబాదు మార్కెట్ యార్డుకు పోయిన రోజునూ ఖాళీగా తిరిగివచ్చిన రోజునూ ఒకే గాట కట్టి, ట్యాంకు ముల్లు వైపు వాత్సల్యంతో చూసి తేల్చిన అంకె అది. దాన్ని ఖండించడం మర్యాద కాదు.

బిళ్ల పెట్టిన కొన్నాళ్లకు చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలుగుతుంది. పసుపు పండే ఊళ్లో అది శుభసూచకమే కావచ్చు గాని, ఈసీయూ భాషలో దానికి పీ0401 అనే కోడ్ ఉంది. మళ్లవలసినంత వాయువు మళ్లడం లేదని దాని అర్థం. కొన్ని బండ్లు అంతటితో ఊరుకోక, ఇంజిన్‌ను కాపాడుకోవడానికి బలాన్నే తగ్గించుకుంటాయి. అప్పుడు ల్యాప్‌టాప్ గల పెద్ద సిద్ధుడిని ఆశ్రయించాలి. ఆయన ఈసీయూలోని ప్రోగ్రాము తెరిచి, ఆ ఫిర్యాదు పలికే భాగాన్నే తుడిచేస్తాడు. ఫిర్యాదుదారు నోరు నొక్కి, ఫిర్యాదు పరిష్కారమైనదని రాసుకునే పాలనా పద్ధతి ప్రభుత్వ కార్యాలయాల సొత్తు మాత్రమే కాదని దీనివల్ల తేలుతున్నది.

అసలు చమత్కారం కాలుష్య పరీక్ష దగ్గర ఉంది. డీజిల్ బండికి పీయూసీ, అనగా కాలుష్యం అదుపులో ఉందనే సర్టిఫికెట్, ఇచ్చేటప్పుడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ తొక్కి, వచ్చే పొగ కాంతిని ఎంత అడ్డుకుంటున్నదో కొలుస్తారు. బీఎస్4, అనగా భారత్ స్టేజ్ 4 ఉద్గార నియమాల కింద తయారైన, బండికి ఆ అంకె మీటరుకు 1.62 దాటకూడదు. కొలిచేది కంటికి కనిపించే మసిని. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవడం ఈ పరీక్షలో భాగమే కాదు. మంట వేడి పెరిగితే మసి తగ్గి ఆక్సైడ్లు పెరుగుతాయి, వేడి తగ్గితే ఆక్సైడ్లు తగ్గి మసి పెరుగుతుంది. డీజిల్ ఇంజినీర్లు దశాబ్దాలుగా పెనుగులాడుతున్నది ఈ బేరంతోనే. కాబట్టి ఈజీఆర్ మూసిన బండి పరీక్షలో పాసు కావడమే కాదు, మునుపటికంటే మంచి అంకెతో పాసు కావచ్చు కూడా. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల ఆక్సైడ్ల పరిమితిని బీఎస్4లోని 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దించుతూ బీఎస్6 నియమాలు 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి. ఆ తగ్గింపు కోసం పడిన శ్రమనంతా రేకుబిళ్ల చడీచప్పుడు లేకుండా వెనక్కి తీసుకుపోతే, సర్టిఫికెట్ దాన్ని ఏడాదిపాటు ఆశీర్వదిస్తుంది.

కంటికి కనిపించేదాన్ని మాత్రమే నమ్మడం ఈ ప్రాంతపు స్వభావం కాదు. పసుపు కొనే వ్యాపారి పాలిష్‌కు మెరిసే పైతోలును చూసి మోసపోడు. కుప్పలోంచి ఒక కొమ్ము తీసి, పుటుక్కున విరిచి, లోపలి రంగు చూసి, విరిగిన చప్పుడును బట్టి తేమ అంచనా కట్టి, అప్పుడు గాని ధర పలకడు. రైతు సంగతి చెప్పనే అక్కరలేదు. గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కావాలంటూ 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి, 185 మంది అభ్యర్థులతో నిజామాబాదు పోలింగును దేశం నోరు తెరుచుకొని చూసేలా చేశారు. బోర్డు చివరికి 2025 జనవరిలో వచ్చింది. ఢిల్లీ మాటను అన్నేళ్లు నమ్మని జిల్లా, రేకుబిళ్ల మాటను అర్ధగంటలో నమ్మింది. పైగా బిళ్ల పెట్టిన బండ్లు అదనంగా వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో ఇతర ఆవిరులతో కలిసి నేలమట్టపు ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఊపిరితిత్తులను మండించే ఆ వాయువుకు తట్టుకోలేని పైర్లలో, ఈ జిల్లాలో విరివిగా వేసే సోయా ఒకటి.

ఈ విద్యలో ఆర్మూరు ఒంటరిది కాదన్న ఊరట ఉంది. పరీక్ష గదిలో ఉన్నంతసేపు ఈజీఆర్‌ను శ్రద్ధగా నడిపి, రోడ్డెక్కగానే దాన్ని తగ్గించే ప్రోగ్రామును ఫోక్స్‌వ్యాగన్ తన డీజిల్ కార్లలో దాచిపెట్టిందని 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటి 10 లక్షల కార్లు అందులో ఇరుక్కున్నాయి; భారతదేశంలోనే 3 లక్షల 20 వేలకు పైగా బండ్లను సరిచేయడానికి వెనక్కి పిలవవలసి వచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మార్చిలో ఆ కంపెనీకి 500 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జర్మనీ ఇంజినీర్లు అంత పెద్ద సాఫ్ట్‌వేరు రాసి సాధించినదాన్ని, కత్తెరతో రేకు కత్తిరించి సాధించిన ఘనత మాత్రం మన సిద్ధుడిదే. 50 హార్స్‌పవర్‌కు పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త ఉద్గార నియమాలు రావడంతో వాటిలోనూ ఈజీఆర్ కనిపించసాగింది గనుక, శిష్యవర్గం ఇక పొలాలకూ విస్తరిస్తుంది.

చట్టం ఉన్నది. మోటారు వాహనాల చట్టంలో 2019లో సవరించిన 182ఏ సెక్షన్ ప్రకారం బండిలో అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అయితే బానెట్ ఎత్తి, రెండు బోల్టుల మధ్య సన్నని గీతలా కనిపించే బిళ్లను గుర్తించే తీరిక ఏ చెక్‌పోస్టుకూ ఉండదని షెడ్డుకు తెలుసు. షెడ్డు భయపడేది వారంటీకి మాత్రమే. అందుచేత కంపెనీ సర్వీసుకు ముందురోజు బిళ్ల తీయించి, మూడునాళ్ల తర్వాత మళ్లీ పెట్టించే ఏర్పాటు కూడా ప్యాకేజీలోనే కలిపి ఉంటుంది. ఆ మూడునాళ్లూ అదే బండి, అదే డ్రైవరు, అదే హైవే, పికప్ తగ్గిందని మాత్రం ఏ యజమానీ ఫిర్యాదు చేయడు.