లింకాయన

పాలు పోసేవాడు పాలాయన, మీటరు చూసేవాడు కరెంటాయన అయినప్పుడు బ్యాంకులో నెట్‌వర్కు చూసేవాడు లింకాయన కాక ఇంకేమవుతాడు? విజిటింగ్ కార్డు మీద సీనియర్ నెట్‌వర్క్ ఇంజనీర్ అని ఉంటుంది. ఆ కార్డు ఇంతవరకు ఎవరైనా చదివిన దాఖలా లేదు. "లింకాయన వచ్చాడండీ" అని వాచ్‌మన్ గేటు దగ్గర నుంచే కేకేస్తాడు. లోపల రాత్రి డ్యూటీకి చిక్కిన ఆఫీసరు "పంపించు" అంటాడు. పరిచయం అంతటితో సరి.

రౌటరు మార్చాలంటే ఆయన పగలు రాడు. రాత్రి పది దాటాలి, ఖాతాదారులంతా ఇళ్లకు పోవాలి, హెడ్డాఫీసు నుంచి డౌన్‌టైమ్‌కు అనుమతి మెయిలు రావాలి. అప్పుడు భుజాన ల్యాప్‌టాప్ సంచీ, చేతిలో లేత నీలం రంగు కన్సోల్ కేబులుతో దిగుతాడు. ఆ కేబులు రెండో కొసకు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు కావాలి. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో అది కనుమరుగైంది కాబట్టి మధ్యలో యూఎస్‌బీ కన్వర్టరు ఒకటి పెట్టుకోవాలి. తోటి ఇంజనీరు ఎవరైనా ఆ కన్వర్టరు అరువడిగితే "ఇంట్లో మర్చిపోయా బ్రదర్" అంటాడు. చెబుతున్నప్పుడు అది ఆయన ప్యాంటు జేబులోనే ఉంటుంది.

ఆయన గర్వమంతా ఒక్క మాటలో ఉంది: బండిల్. జిల్లా కేంద్రంలోని ప్రాంతీయ కార్యాలయానికి హెడ్డాఫీసు నుంచి నాలుగు ఈ-1 లైన్లు వస్తాయి. ఒక్కో లైను 2.048 మెగాబిట్లు. అందులో 64 కిలోబిట్ల గదులు 32 ఉంటాయి. సున్నా నంబరు గది ఫ్రేమింగుకు పోతుంది, మిగిలిన 31 మనవి. నాలుగు లైన్లనూ మల్టీలింక్ పీపీపీ అనే పద్ధతిలో కట్టగట్టి రౌటరుకు ఒకటే దారిగా చూపిస్తారు. లారీ లోడు బియ్యాన్ని నలుగురు హమాలీలకు పంచి, బస్తాల మీద వరస నంబర్లు వేసి పంపితే అవతల గోడౌనులో నంబర్ల ప్రకారం పేర్చుకున్నట్టే ఇదీను. ఒకడి కాలు బెణికినా మిగతా ముగ్గురూ మోస్తారు, కాకపోతే ఆలస్యమవుతుంది. బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన కీత్ స్క్లోవర్, మరి కొందరు కలిసి రాసిన ఈ ప్రమాణం 1996 ఆగస్టు నాటి ఆర్‌ఎఫ్‌సీ నంబరు 1990. అప్పట్లో వాళ్ల ముందున్న సమస్య ఐఎస్‌డీఎన్ ఫోను లైనులోని రెండు 64 కిలోబిట్ల చానళ్లను కలపడం. లింకాయనకు ఈ చరిత్ర అక్కర్లేదు. "నాలుగు రెళ్లు ఎనిమిది ఎంబీ" అంటాడు. నిజానికి 7.936. ఆ మాట ఆయన దగ్గర అనకూడదు.

"మా ఇంట్లో ఫైబరు వంద ఎంబీ వస్తుంది కదండీ, ఇదేంటి ఎనిమిది?" అని కొత్తగా చేరిన క్లర్కు కుర్రాడు ఒకడు ప్రతిచోటా అడుగుతాడు. లింకాయన జాలిగా చూసి "అది మీ వీధంతా పంచుకునే వంద. ఇది అచ్చంగా మనది" అంటాడు. ఆయన ఉద్యోగంలో చేరిన రోజుల్లో రెండు మెగాబిట్లంటే మాటలా మరి! 2005 మార్చిలో కేంద్రం రాష్ట్రవ్యాప్త నెట్‌వర్కుల పథకానికి ఆమోదం తెలిపినప్పుడు, రాష్ట్ర రాజధాని నుంచి మండల స్థాయి దాకా ఒక్కో లింకుకు కనీసం 2 మెగాబిట్లు అని రాసుకుంది. ఆ రెండు కోసం ఊరూరా తిరిగిన తరం ఆయనది.

పాత రౌటరును విప్పే ముందు సెల్‌ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీస్తాడు. కాన్ఫిగరేషన్ మొత్తం నోట్‌ప్యాడులోకి దింపుతాడు. ఇక కొత్తదానిలో పోయడమే, పది నిమిషాల పని అని ఆఫీసరుకు మాటిస్తాడు. ఆ పది నిమిషాలు ఎప్పుడూ తెల్లవారుజామున మూడింటికి పూర్తవుతాయి.

ఎందుకంటే కొత్త పెట్టెకు పాత పేర్లు పట్టవు. ఫాస్ట్ ఈథర్‌నెట్ అన్నచోట గిగాబిట్ ఈథర్‌నెట్ అనాలి. పాత కార్డు కొత్త స్లాటులో దూరదు, కొత్త కార్డు తేవాలి. తెచ్చి పెట్టినా అది అమెరికా పద్ధతి టీ-1గా పనిచేయాలో మన ఈ-1గా పనిచేయాలో కార్డ్ టైప్ అనే ఆజ్ఞతో చెప్పేదాకా కంట్రోలరు కనిపించనే కనిపించదు. కంట్రోలరు కింద చానల్ గ్రూపు కడితే తప్ప సీరియల్ పోర్టు పుట్టదు, పుట్టని పోర్టును బండిల్లో చేర్చలేం. వరస తప్పితే రౌటరు తప్పు జరిగిన చోట చిన్న టోపీ గుర్తు పెట్టి తిప్పి కొడుతుంది. దీనికి తోడు కన్సోల్ వేగం 9600. ఒకేసారి పోస్తే మధ్యలో అక్షరాలు రాలిపోతాయి. అందుకే లింకాయన పది వరసలు పోస్తాడు, ఆగుతాడు, తెర వైపు అనుమానంగా చూస్తాడు, మళ్లీ పది పోస్తాడు.

ఒంటిగంటకు నాలుగింట్లో మూడు లైన్లు లేచాయి. నాలుగోది లేవదు. ఇక్కడే ఆయన అసలు ప్రతిభ బయటపడుతుంది. తన వైపు ఒక్క తీగైనా ముట్టకుండా లైన్లిచ్చిన కంపెనీ కంట్రోలు రూముకు ఫోను కొడతాడు.

"అన్నా, నాలుగోది మీ దగ్గరే పోయింది. ఒకసారి లూప్ వేసి చూడు."

"మా దగ్గర క్లీన్‌గా ఉంది అన్నా. నువ్వు క్లాకు లైన్ నుంచి తీసుకున్నావా, ఇంటర్నల్ పెట్టావా?"

"పదిహేనేళ్లుగా చేస్తున్నా అన్నా, క్లాకు నాకు నేర్పుతావా?" అంటూనే చప్పుడు కాకుండా క్లాకు ఏం పెట్టాడో చూసుకుంటాడు. సరిగానే ఉంది. అరగంట వాదించాక ర్యాకు వెనక్కి వెళ్తాడు. అక్కడ తెలిసిందేమిటంటే, పెట్టిన తీగ ఈ బండిల్‌ది కాదు, శిక్షణ కేంద్రానికి పోయే విడి లింకుది. బండిల్లోని తీగల్లో ఏది ముందు, ఏది వెనుక అన్నది లెక్క లేదు, అటూ ఇటూ మారినా నడుస్తుంది. కానీ అవతలి కొసన ఉన్న పెట్టె చెప్పే పేరు వేరైతే రౌటరు దాన్ని కట్టలోకి రానివ్వదు. లింకాయన తీగ మార్చి, గొంతు సవరించుకుని, ఫోనులో "ఆఁ, వచ్చింది అన్నా. మీరేదో చేసినట్టున్నారు" అంటాడు. రిపోర్టులో మాత్రం సర్వీస్ ప్రొవైడర్ వైపు లోపం, సరిచేయబడినది అని రాస్తాడు.

నాలుగూ లేచాయి. హెడ్డాఫీసుకు పింగ్ కొడితే తెర మీద అయిదు ఆశ్చర్యార్థకాలు వరసగా పడతాయి. వాటికీ ఫొటో తీసి గ్రూపులో పెడతాడు. సంచీ సర్దుతుంటే వాచ్‌మన్ వచ్చి, "సార్, పాతదానికి ఈ పక్కన పచ్చలైటు వెలిగేది, దీనికి వెలగట్లేదేంటి?" అంటాడు.

ఆ లైటు కార్యాలయంలోని కంప్యూటర్లన్నీ తగిలించిన పోర్టుది. కొత్త రౌటర్లలో ఈథర్‌నెట్ పోర్టులు మూసి ఉంటాయి, నో షట్‌డౌన్ అని చెప్పి తెరవాలి. కాన్ఫిగరేషన్‌లో మూసిన పోర్టు కిందే షట్‌డౌన్ అని ఉంటుంది, తెరిచిన పోర్టు కింద ఏమీ ఉండదు. కాబట్టి పాతదాన్ని అక్షరం పొల్లుపోకుండా దింపి పోసినా తెరిచే మాట అందులో రాదు. ఇన్నేళ్ల అనుభవమున్న మనిషికి ఇది తెలియదా అంటే, తెలుసు. జూనియర్లకు పాఠం కూడా చెప్పాడు. "టెస్టింగ్ కోసం నేనే ఆపి ఉంచానయ్యా" అని వాచ్‌మన్‌కు చెప్పి, నిలబడే ఆ ఆజ్ఞ కొట్టి, దాంతో పాటు అంతా మెమరీలో సేవ్ చేస్తాడు. ఈ చివరి పని ఆయన ఎన్నడూ మరవడు. చేయకపోతే మర్నాడు కరెంటు పోయి వస్తే రాత్రి చేసినదంతా గాలికి పోతుంది.

ఇంతా చేసి ఆయన అసమర్థుడు కాడు. నాలుగు జిల్లాల ర్యాకుల్లో ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆయనకు కంఠతా వచ్చు. చిక్కల్లా అది ఆయన బుర్రలో తప్ప ఇంకెక్కడా లేకపోవడమే. అది అలా ఉన్నంతకాలం అర్ధరాత్రి ఫోను తనకే వస్తుందని ఆయనకు తెలుసు. ఫైబరు మీద ఈథర్‌నెట్ లింకులు వచ్చి ఈ కట్టలు కొన్నిచోట్ల మూలపడ్డాయి. ఆయన మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

కాబట్టి మేనేజర్లకు ఒక విన్నపం. పాత రౌటరును మర్నాడే తుక్కుకు వేయకండి, నెలరోజులు బీరువాలో ఉండనివ్వండి. లింకాయన ఈసారి వచ్చినప్పుడు టీ ఇప్పించి, పక్కనే కూర్చుని, ఏ తీగ ఎక్కడిదో అడిగి కాగితం మీద మీరే రాసి అంటించండి. ఆయన రాయడు.