రెండో మైకు కొనకండి

ఇంట్లో పాట రికార్డు చేసుకునేవాళ్లకు నేనిచ్చే సలహాలు చాలామందికి తలకిందులుగా అనిపిస్తాయి. ఉన్న మైకుల్లో ఒకటి తీసి పక్కన పెట్టమంటాను. శుభ్రంగా ఖాళీ చేసిన గది వదిలేసి, పరుపులూ బట్టలూ కుక్కిన గదిలోకి మారమంటాను. రొద తీసేసే సాఫ్ట్‌వేర్ జోలికి వీలైనంతవరకు పోవద్దంటాను. మంచి గొంతు ఉండి, ఎంతో సాధన చేసి, చివరికి రికార్డింగులో దాన్ని పోగొట్టుకుంటున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. చౌక సామాను చేసే నష్టం కన్నా ఎక్కువ సామాను చేసే నష్టమే పెద్దది.

ముందు ఆ రెండో మైకు సంగతి. పాడేవాళ్ల ముందు ఒకటి పెట్టాక, నిండుదనం కోసమని కాస్త ఎడంగా ఇంకొకటి పెడతారు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. రెండో మైకు 34 సెంటీమీటర్లు వెనక ఉంటే గొంతు దానికి సెకనులో వెయ్యో వంతు ఆలస్యంగా చేరుతుంది. అంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనుకుంటాం. కానీ 500 హెర్ట్జ్ తరంగంలో సగం నడవడానికి పట్టే కాలం సరిగ్గా అంతే. ఒక మైకు దగ్గర గాలి ఒత్తిడి పెరిగిన క్షణానికి రెండోదాని దగ్గర తగ్గి ఉంటుంది. రెండు ట్రాకులూ కలిపితే ఆ స్థాయి దగ్గర శబ్దం కరిగిపోతుంది. 1500 దగ్గరా 2500 దగ్గరా మళ్లీ అదే జరుగుతుంది. నడుమ 1000, 2000 దగ్గర మాత్రం ఉబ్బుతుంది. గొంతు పైపులోంచి వస్తున్నట్టు బోలుగా తయారవుతుంది. దీన్నే ఫేజ్ సమస్య అంటున్నాం. ఈక్వలైజర్‌తో ఎంత పెంచినా అక్కడ మిగిలి ఉంటే కదా పెరగడానికి!

మరి ఒకే మైకుతో సమతూకం ఎలా అంటారా? 1925లో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చేదాకా గ్రామఫోన్ రికార్డులకు మైకన్నదే లేదు. పెద్ద హార్న్ ముందు అందరూ చేరేవారు. గట్టిగా మోగే వాయిద్యాన్ని వెనక్కి, గొంతును ముందుకు జరిపి సమతూకం కుదిర్చేవారు. రెండు గదుల ఫ్లాటుకు ఆ పద్ధతి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. పాడేవారు మైకుకు జానెడు దూరంలో కూర్చోండి, మృదంగాన్ని నాలుగైదు అడుగుల అవతల పెట్టండి. మృదంగం ఎక్కువైతే చాపను ఇంకాస్త వెనక్కి లాగండి. నాబ్ తిప్పడం కన్నా ఆ శ్రమే నయం.

రెండు మైకులు తప్పవనుకుంటే రెండు దారులున్నాయి. స్టీరియో కావాలంటే ఒకే రకం మైకులు రెండు తీసుకుని, వాటి తలలు ఒకదానిపై ఒకటి వచ్చేలా, ముఖాలు చెరో వైపు తిరిగేలా ఒకేచోట పెట్టండి. శబ్దం రెండింటికీ ఒకేసారి చేరుతుంది కాబట్టి ఆలస్యమనేదే ఉండదు. ఒకేచోట జంట మైకుల ఆలోచనను ఇంగ్లండులో ఈఎంఐ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు దరఖాస్తులో పెట్టాడు. అలా కాక మనిషికో మైకు కావాలంటే, మైకుకూ నోటికీ ఎంత దూరం ఉందో దానికి కనీసం మూడు రెట్ల ఎడం మైకుల మధ్య ఉంచండి. అప్పుడు పక్కవారి గొంతు మీ మైకులో తొమ్మిది డెసిబెల్స్ పైగా తగ్గి పడుతుంది, ఫేజ్ వల్ల పడే కోత లోతుగా ఉండదు.

మృదంగానికి రెండు వైపులా మైకులు పెట్టేవాళ్లకు మరో చిక్కు. ఒక మూత మీద దెబ్బ పడితే అది లోపలికి పోతుంది, లోపలి గాలి రెండో మూతను బయటికి తోస్తుంది. అంటే రెండు మైకులూ ఒకే దెబ్బను ఒకదానికొకటి వ్యతిరేకంగా వినే అవకాశం ఉంది. ఎడమ వైపు మంద్రంగా మోగే గుంకి ఏమైపోయిందో తెలియక తల పట్టుకునేది అందుకే. ఒక ట్రాకుకు తరంగాన్ని తిరగేసే పొలారిటీ బటన్ నొక్కి, రెండు ట్రాకులనూ మోనోలో కలిపి వినండి. మంద్రం బలంగా వినిపించే స్థితినే ఉంచండి. తెర మీద తరంగాల బొమ్మలు చూస్తూ ట్రాకులను ముందుకీ వెనక్కీ జరపకండి. మృదంగం రెండింటిలో కలిసిందనిపించేసరికి గొంతు విడిపోతుంది. ఫోను కెమెరా రికార్డు చేసిన శబ్దాన్ని మైకు ట్రాకుతో కలపడం అంతకన్నా అన్యాయం. రెండు పరికరాల గడియారాలు కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. మొదట్లో కలిపి పెట్టినా చివరికి జారిపోతాయి. ఫోను శబ్దాన్ని పూర్తిగా మ్యూట్ చేయండి.

ఒకే మైకున్నా ఫేజ్ గొడవ రావచ్చు. సాహిత్యం చూసుకోవడానికి పెట్టిన స్టాండు, మైకు కింది బల్ల, నున్నటి టైల్స్ నేల, ఇవన్నీ గొంతును తిప్పికొట్టి ఆలస్యంగా మైకుకు అందిస్తాయి. బల్ల మీద మందపాటి తువ్వాలు పరవండి, స్టాండును పక్కకు వంచండి.

గదిలో దుప్పట్లు కట్టేవాళ్లు చాలామంది మైకు వెనక కడతారు. మామూలు కార్డియాయిడ్ మైకుకు వెనక వైపు సరిగా వినపడదు, అది చూసేది మిమ్మల్నీ మీ వెనక గోడనూ. బొంత మీ వీపు వెనక కట్టండి. గుడ్ల అట్టలు గోడకు అంటించమనే సలహాను మాత్రం దయచేసి వినకండి. బయటి శబ్దాన్ని అవి ఆపలేవు, లోపల కూడా పై స్థాయిలను కొంచెం తగ్గిస్తాయంతే, పైగా నిప్పంటుకుంటే భగ్గుమంటాయి. బయటి రొద ఎక్కువగా దూరేది తలుపు కింది సందులోంచి. అక్కడ పాత తువ్వాలు దూర్చండి.

ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ పక్క గదిలో కూర్చోకండి, సంపు మోటారు వేసే వేళ తెలుసుకోండి. మిగిలిన రొదకు గెయిన్ పెంచడం మందు కాదు, దగ్గరికి జరగడమే మందు. దూరం సగమైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద ఉన్నచోటే ఉంటుంది. రెండడుగుల దూరం నుంచి అరడుగుకు వస్తే 12 డెసిబెల్స్ లాభం. మరీ దగ్గరైతే మంద్రం ఉబ్బుతుంది, ఫ, భల గాలి తగులుతుంది, కాబట్టి మైకును నోటికి కాస్త పక్కగా ఉంచండి. 24 బిట్‌లో రికార్డు చేస్తుంటే మీటరు ఎర్రగీత దాకా పోనక్కర్లేదు, శబ్దం శిఖరం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగినా ఏమీ నష్టం లేదు.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి హమ్ 50, 100, 150 దగ్గర పడుతుంది. లాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, మిగతావన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఎర్త్ పిన్ విరిచేస్తే హమ్ పోతుందని ఎవరైనా చెబితే అస్సలు చేయకండి. తర్వాత ఎప్పుడైనా లోపల వైరు తెగి డబ్బాకు తగిలితే, మైకు పట్టుకున్నవారికి షాక్ కొట్టి ప్రాణం పోవచ్చు.

పోని రొదను కొంచెం మిగలనివ్వండి. సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిస్తే గమకం అంచులూ వీణ తీగ సన్నగా ఆరిపోయే చివరా నీళ్లలో మునిగినట్టవుతాయి, ఊపిరి తీసినచోట అగాధంలా నిశ్శబ్దం పడుతుంది. సన్నటి, స్థిరమైన రొదను చెవి కాసేపట్లోనే పట్టించుకోవడం మానేస్తుంది.

శ్రుతికి ఫోనులో తంబూరా యాప్ పెట్టుకునేవాళ్లు దాన్ని స్పీకరులో మోగించకండి. అది మైకులో పడి, తర్వాత విడిగా కలిపిన తంబూరాతో తగువు పెట్టుకుంటే పంచమం తేలుతూ మునుగుతూ ఉంటుంది. చెవులు మూసే హెడ్‌ఫోనులో విని, పాట అయ్యాక అదే శ్రుతిని వేరే ట్రాకుగా చేర్చండి. మృదంగం వాయించేవారికీ శ్రుతి వినిపించాలి కాబట్టి ఫోను నుంచి రెండు హెడ్‌ఫోన్లకు చీలే చిన్న స్ప్లిటర్ ఒకటి తెచ్చుకోండి.